రెండు మానిటర్ల సెట్టు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు మౌస్ బాణం రెండో తెరలోకి వెళ్తోందో లేదో చూడండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆఫీసు పనికో, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగానికో రెండు మానిటర్లతో డెస్క్‌టాప్ తీసుకుందామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొట్లో రెండు తెరలూ వెలిగినంత మాత్రాన మీకు రెండు తెరలు వచ్చినట్టు కాదు. ఈ తేడా కొనేవాళ్లకు తెలియదన్న ధీమాతోనే మా ఊళ్లో ఒక కొట్టు నాకు సరుకు అంటగట్టింది.

నాది జీఎస్టీ, ట్యాలీ పని. నేనూ మా ఆవిడా ఇంటి ముందు గదిలోనే చేసుకుంటాం. బొబ్బిలి, నెల్లిమర్ల, గజపతినగరం నుంచి చిన్న చిన్న వ్యాపారులు బిల్లులు పంపిస్తారు. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20కి జీఎస్టీఆర్-3బి పడిపోవాలి (మొదటిది అమ్మకాల లెక్క, రెండోది పన్ను కట్టే లెక్క). జీఎస్టీ పోర్టల్లో 2బి, అంటే మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా, తెరిచి, ట్యాలీలో కొనుగోళ్ల రిజిస్టరుతో బిల్లు బిల్లూ పోల్చుకోవాలి. ఒకే తెర మీద అటూ ఇటూ మార్చుకుంటూ చేస్తే సాయంత్రానికి కళ్లు లాగేస్తాయి. ఒక్క బిల్లు తప్పిపోతే పార్టీకి రావాల్సిన పన్ను క్రెడిట్ ఆగిపోతుంది. అందుకే కొట్లో "ఒక తెరలో పోర్టల్, ఇంకో తెరలో ట్యాలీ కావాలి" అని, సరిగ్గా ఈ మాటల్లోనే చెప్పి ఆర్డరిచ్చాను.

వాళ్లు బిగించి ఆన్ చేసి చూపించారు. ఒకటి 22 అంగుళాల మానిటర్, పక్కన అంతకంటే చిన్నది. రెండింటి మీదా విండోస్ నీలం రంగు బొమ్మ వచ్చింది. "చూశారా మాస్టారూ, రెండూ వచ్చేశాయి" అన్నాడు కొట్టతను. పైగా తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు ఫ్రీగా వేశానన్నాడు.

ఇంటికి తెచ్చాక మా ఆవిడ ట్యాలీని పక్క తెరలోకి లాగబోతే బాణం అంచు దగ్గర ఆగిపోయింది. ఎంత తోసినా దాటదు. ఇక్కడ ఏది తెరిస్తే అక్కడా అదే. పెద్ద మానిటర్ మీద అక్షరాలు కూడా ముద్దగా ఉన్నాయి, అంకెల్లో 3 ఏదో 8 ఏదో తెలియడం లేదు.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: "మీది విండోస్ హోమ్ మాస్టారూ, హోమ్‌లో రెండు తెరలు విడివిడిగా రావు. ప్రో వెయ్యాలి." దానికి వేరే డబ్బు తీసుకుని ప్రో వేశాడు. తెరల సంగతి ఎక్కడిదక్కడే ఉంది. కొన్నాళ్లకు కింద కుడి మూల "యాక్టివేట్ విండోస్" అన్న రాత కూడా వచ్చి కూర్చుంది, అంటే ఆ ప్రోకి లైసెన్సే లేదు.

హోమ్, ప్రో అనేవి విండోస్‌లో రెండు రకాలు, కానీ ఈ హోమ్-ప్రో మాట పచ్చి అబద్ధం. ఒకటికి మించి మానిటర్లు వాడే సదుపాయం విండోస్ 98 నుంచీ ఉంది, అప్పట్లోనే తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు. 2009లో చిన్న నెట్‌బుక్‌ల కోసం వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లో మాత్రం ఈ సదుపాయం తీసేశారు. ఇప్పటి విండోస్ 10, 11 హోమ్‌లలో అలాంటి అడ్డంకేమీ లేదు. ఎవరైనా మీకు ఇదే మాట చెప్పి ప్రో అమ్మబోతే రూపాయి కూడా ఇవ్వకండి.

అసలు సంగతి మా మేనల్లుడు వచ్చి సీపీయూ వెనక్కి తిప్పి చూస్తే బయటపడింది. గ్రాఫిక్స్ కార్డు నుంచి ఒకటే హెచ్‌డీఎంఐ తీగ బయల్దేరి, అగ్గిపెట్టెంత నల్ల డబ్బాలోకి వెళ్లి, అక్కడినుంచి రెండుగా చీలింది. "ఇది స్ప్లిటర్ మావయ్యా" అన్నాడు. లోపలికి వచ్చిన ఒకే బొమ్మకు రెండు కాపీలు తీసి పంపడమే దాని పని. షాపుల్లో ఒకే ప్రకటన రెండు టీవీల్లో వెయ్యడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ అవతల రెండు మానిటర్లున్నాయన్న సంగతే విండోస్‌కి తెలియదు, ఇక ఏ సెట్టింగు మార్చి ఏం లాభం? అక్షరాలు ముద్దగా ఉండటానికీ కారణం అదే. చిన్న మానిటర్‌లో చుక్కలు (పిక్సెళ్లు) 1366×768 మాత్రమే కాబట్టి, 1920×1080 ఉన్న పెద్దదాన్ని కూడా ఆ డబ్బా కిందికి దించేసింది.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ ఫ్రీ కార్డు. బిల్లులో "ఐ3 12వ తరం" అని మాత్రమే రాశారు. నిజానికి వేసింది ఐ3-12100ఎఫ్. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగం ఉండదు. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ, వీజీఏ రంధ్రాలు కళ్లకు కనిపిస్తూనే ఉంటాయి, ఎందులో గుచ్చినా నల్ల తెరే. అంటే కార్డు వెయ్యకపోతే ఆ మిషన్ అసలు బొమ్మే చూపించదు, దాన్ని కానుకలా చెప్పి ఇచ్చారు! అదీ ఎన్విడియా కంపెనీ పాత కార్డు జీటీ 710, కెప్లర్ అనే తరానిది. ఆ తరం కార్డులకు ఎన్విడియా 2021లోనే కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది, భద్రతా అప్‌డేట్లు కూడా 2024 సెప్టెంబరుతో సరి. ఎఫ్ లేని 12100 వేసి ఉంటే కార్డు లేకుండానే మదర్‌బోర్డు నుంచి రెండు మానిటర్లు నడిచేవి. ఏఎండీలోనూ ఇలాగే చూసుకోవాలి: రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జిలో ఉంది.

ప్రస్తుతానికి కార్డులో ఖాళీగా ఉన్న డీవీఐ అనే ఇంకో రంధ్రం నుంచి మానిటర్ హెచ్‌డీఎంఐకి ఒక మామూలు తీగ వేసి పని నడిపిస్తున్నాం. ఆ తీగ కొట్లో మొదటిరోజే ఇవ్వొచ్చు.

కాబట్టి కొట్లోనే, డబ్బు చేతిలో ఉండగానే, విండోస్ కీతో పాటు పి నొక్కి "ఎక్స్‌టెండ్" (రెండు తెరల్లో వేర్వేరు బొమ్మలు చూపించే పద్ధతి) ఎంచుకోమనండి. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిస్తే 1, 2 అని రెండు పెట్టెలు విడివిడిగా కనిపించాలి. "ఐడెంటిఫై" నొక్కితే ఒక మానిటర్ మీద 1, రెండోదాని మీద 2 పడాలి. ఒకే పెట్టె ఉంటే స్ప్లిటరో మరొకటో మధ్యలో ఉన్నట్టే. తెరిచి ఉన్న ఏదైనా ఒక విండోను మీరే మౌస్‌తో పట్టుకుని రెండో తెరలోకి లాగండి. వెళ్లకపోతే అక్కడే ఆపేయండి. "ఇంటికెళ్లాక అప్‌డేట్ అయితే వచ్చేస్తుంది" అన్న మాట నమ్మకండి.

పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లు తక్కువలో తీసుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. వాటి వెనక హెచ్‌డీఎంఐకి బదులు డిస్‌ప్లేపోర్టులు (మానిటర్ తీగ గుచ్చే ఇంకో రకం రంధ్రాలు) ఉండటం మామూలు. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే తీగ సాధారణంగా ఒకవైపే పనిచేస్తుంది, తిప్పి వాడితే రాదు. మ్యాక్ వైపు చూసేవాళ్లకు: ఎం1, ఎం2 చిప్‌లున్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లకు కంపెనీ చెప్పిన ప్రకారమే బయటి మానిటర్ ఒక్కటే.

నాలాగే ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఊరుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వాణిజ్య పద్ధతే. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోనని మొండికేయడం కూడా అంతే. సొంత సంపాదన కోసం స్వయం ఉపాధికి కొన్నవాళ్లూ వినియోగదారులే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, నేను రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వెయ్యాలి. బిల్లు, ఫోన్ సందేశాలు, వెనక తీగల ఫోటోలు దాచిపెట్టుకోండి.

కొత్తగా కొనేవాళ్లు బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి నంబరు చివరి అక్షరంతో సహా రాయించుకోండి. దాని కింద "రెండు మానిటర్లు విడివిడిగా, ఎక్స్‌టెండ్‌లో పనిచేస్తాయి" అని ఒక వాక్యం రాయించి, కొట్టు ముద్ర వేయించుకోండి. రాయనంటే ఆ కొట్లో కొనకండి.