వ్యాన్ కాపురానికి బట్టలు: ఏవి నిలిచాయి, ఏవి ఊరికి తిరిగెళ్లాయి

బెంగళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి ట్రావెలర్ వ్యాన్‌లోకి మారాక మాకిది రెండో వానాకాలం. వారంలో కొన్ని రోజులు వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు, మిగతా రోజులు రోడ్డు మీద. మా ఇద్దరి బట్టలకూ కలిపి మంచం కింద రెండు సొరుగులున్నాయి, అంతే. కనబడిన వాళ్లంతా "ఎన్ని జతలు పెట్టుకున్నారు?" అంటారు. అడగాల్సింది మాత్రం ఉతికాక ఎంతసేపట్లో ఆరతాయని. తలుపులేసుకుని పడుకుంటే ఇద్దరి ఊపిరికే తెల్లారేసరికి అద్దాలు చెమ్మగిల్లుతాయి. దానికి తోడు తడిబట్టలు కూడా వేలాడుతుంటే పరుపుకి సైతం ముక్క వాసన పట్టేస్తుంది.

అందుకే అందరికంటే ముందు ఊరికెళ్లింది జీన్స్. మోకాళ్ల దగ్గర ఎండిపోయి బిర్రుగా ఉంటుంది, తీరా వేసుకోబోతే నడుం పట్టీ, జేబు లోపలి గుడ్డ చల్లగా తగులుతాయి. బెంగళూరు సెప్టెంబరులో అయితే దాని సంగతి అడక్కండి. ఇప్పుడు ఆఫీసుకి పల్చటి కాటన్ ప్యాంట్లే.

అలాగని అన్నీ పాలిస్టర్ కొనేయకండి. మామూలు గాలిలో 100 గ్రాముల నూలు బట్ట సుమారు 8 గ్రాముల తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. అందుకే మా ఆయన జిమ్ టీషర్టులు సాయంత్రం పిండి ఆరేస్తే పడుకునేలోపే ఆరిపోయేవి. కానీ చెమటలోని జిడ్డు ఆ దారాలకు అంటుకుని ఓ పట్టాన వదలదు. చెన్నైలో సముద్రం పక్కన పోయే ఈసీఆర్ రోడ్డు మీద ఒక్క మధ్యాహ్నం చాలు, ఉతికిన టీషర్టు కూడా ఒంటిమీద వేడెక్కగానే పాత కంపు కొడుతుంది. ఇంకో సంగతి, మన వంట కూడా ఆ ఇరుకులోనే కదా. నిప్పు తగిలితే సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుంది. స్టవ్ వెలిగించేటప్పుడు మాత్రం ఒంటికి పట్టుగా ఉండే నూలు బట్టలే వేసుకుంటాను.

నాకు బాగా నచ్చినవి మంగళగిరి చేనేత కుర్తాలు. నూలే అయినా నేత పల్చన, కాస్త గాలి తగిలితే చాలు ఆరతాయి. కొత్తలో రంగు పోతుంది, విడిగా ఉతకాలి. గంజి అక్కర్లేదు, ఇక్కడి బోరు నీళ్లకే గంజి పెట్టినట్టు బిగుసుకుంటాయి! టర్కీ టవళ్లు పంపేసి గళ్ల తువ్వాళ్లు తెచ్చుకున్నాం. బట్ట పిండాక పొడి తువ్వాల్లో చుట్టి, మోకాలితో నొక్కి ఆరేస్తే సగం పని అయిపోయినట్టే.

ఆడవాళ్లకు ఒక మాట. పాత కాటన్ పావడా ఒకటి తప్పకుండా పెట్టుకోండి. మన అమ్మమ్మలు చెరువు దగ్గర గుండెల మీదికి కట్టుకుని స్నానం చేసేవారు కదా, వ్యాన్ వెనక తలుపు దగ్గర బకెట్ స్నానానికి దాన్ని మించింది లేదు. బొందు కాస్త పొడుగ్గా ఉండాలి. దాని మీంచి నైటీ వేసుకుని లోపల బొందు విప్పేస్తే చాలు. చున్నీ అయితే పగలు కిటికీకి పరదా, రాత్రి దుప్పటి.

లోదుస్తుల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మిగతావి తగ్గించి అవి పెంచండి. బయట తాడు మీద ఎవరైనా చూస్తారని తువ్వాలు కింద దాచి ఆరేస్తాం, అలా ఎప్పటికీ సరిగ్గా ఆరవు. బండి ఎండలో ఆపి, ముందు సీట్ల వెనక పరదా లాగి, అద్దానికి లోపలివైపు సన్‌షేడ్ పెట్టేస్తాను. సన్‌షేడ్‌కీ పరదాకీ మధ్య డ్యాష్‌బోర్డు మీద పరిస్తే ఎవరికీ కనబడవు, బండి లోపలి వేడికే ఆరిపోతాయి.

చలికి పెద్ద స్వెటర్ దండగ. బెంగళూరు 900 మీటర్ల ఎత్తు, ఊటీ 2200 మీటర్ల పైన, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి అక్కడుంటాం. పల్చటి ఉన్ని బనియన్ మీద ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) జాకెట్, గాలి ఎక్కువైతే ఆపైన రెయిన్‌కోటు, డిసెంబరుకి కూడా సరిపోయాయి. ఫ్లీస్‌ని దిండు గలీబులో కుక్కితే తలగడ. ఉన్ని బనియన్‌ని మాత్రం లాండ్రీకి వేయకండి. చెప్పి మరీ ఇస్తే ఒక షాపువాళ్లు వేడి డ్రయ్యర్లో వేసి చంటిపిల్లల చొక్కా చేసిచ్చారు. అడిగితే "మెషీన్ అంతే మేడమ్" అన్నారు.

సొరుగుల్లో కలరా ఉండలు వేయొద్దు, ఆ ఇరుకులో తల పగిలిపోతుంది. గాలి చొరబడని డబ్బాల కంటే వల సంచులే నయం.

పట్టుచీరలు వ్యాన్ ఎక్కలేదు. అవి హిందూపురంలో మా అత్తగారి బీరువాలో ఉన్నాయి, పెళ్లి పిలుపు వస్తే అటు మీదుగా వెళ్తాం.