లినక్స్ డెస్క్‌టాప్‌లో డిఫాల్ట్ స్పీకర్ నిలకడగా ఉండాలంటే: పైప్‌వైర్‌తో నా అనుభవం

నేను రోజూ పనిచేసే డెస్క్‌టాప్ నుంచి శబ్దం బయటికి వెళ్లే దారులు మూడున్నాయి: మదర్‌బోర్డు వెనుక ఆకుపచ్చ జాక్‌కు తగిలించిన స్పీకర్లు, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపిన మానిటర్, యూఎస్‌బీ హెడ్‌సెట్. ఎప్పుడు ఆన్ చేసినా పాట స్పీకర్లలోంచే రావాలన్నది నా కోరిక. 2021లో ఫెడోరా 34 అనే లినక్స్ వెర్షన్, శబ్దాన్ని నడిపే పాత సాఫ్ట్‌వేర్ పల్స్‌ఆడియో స్థానంలో అదే పనిచేసే పైప్‌వైర్‌ను డిఫాల్ట్ చేసినప్పటి నుంచి దానినే వాడుతున్నాను. ఇంత చిన్న కోరిక నమ్మకంగా నెరవేరడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

మానిటర్ స్లీప్ నుంచి లేచిన ప్రతిసారీ శబ్దం దాని వైపు మళ్లేది. ఆ మానిటర్‌కు స్పీకర్లే లేవు కనుక తెర మీద వీడియో నడుస్తున్నా చెవికి ఏమీ వినబడేది కాదు. దీనికి విరుగుడుగా, లాగిన్ కాగానే స్పీకర్లను డిఫాల్ట్ చేసే స్క్రిప్టు రాసి, అందులో ‘డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్’ (wpctl status) అనే ఆదేశం స్పీకర్లకు చూపిన 46 అనే సంఖ్యను వేశాను. రెండు రోజులు బాగానే పనిచేసింది. మూడో రోజు 46 హెడ్‌సెట్‌కు వెళ్లింది. ఆ సంఖ్యలు ప్రతి సెషన్‌లోనూ కొత్తగా ఇచ్చేవే. మారకుండా ఉండేది నోడ్ పేరు, అంటే పైప్‌వైర్ ఆ పరికరాన్ని గుర్తించే, పీసీఐ చిరునామాతో కూడిన పొడవాటి పేరు.

కనుక ముందు ఆ స్క్రిప్టును తీసేశాను. డిఫాల్ట్ ఏదో నిర్ణయించేది పైప్‌వైర్‌తో పాటు నడిచే వైర్‌ప్లంబర్ అనే ప్రోగ్రాము. అదే డబ్ల్యూపీసీటీఎల్‌లోని ‘సెట్-డిఫాల్ట్’తో ఒకసారి ఎంచుకుంటే ఆ ఎంపికను నోడ్ పేరుతోనే హోమ్ డైరెక్టరీలో భద్రపరుస్తుంది. ఆ పైన శబ్దాన్ని సరిచేసుకునే పావుకంట్రోల్ (pavucontrol) అనే యాప్‌లోని కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో హెచ్‌డీఎంఐ కార్డు ప్రొఫైల్‌ను ‘ఆఫ్’ చేశాను. నిజానికి ఎక్కువ ఫలితమిచ్చింది ఈ రెండో పనే.

శబ్దం ఆగిన 5 సెకన్లకు పరికరం సస్పెండ్ అయి, మళ్లీ మొదలయ్యేటప్పుడు స్పీకర్లు ‘టప్’మనడం మరో ఇబ్బంది. వైర్‌ప్లంబర్ సెట్టింగు ఫైలులో ఆ గడువును సున్నా చేస్తే, అంటే అసలు సస్పెండ్ కాకుండా చేస్తే, పోయింది. అయితే 2024లో వచ్చిన వైర్‌ప్లంబర్ 0.5 లూవా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత సెట్టింగు ఫైళ్లను చదవదు. నా ఫైలు ఉన్నచోటే ఉన్నా అప్‌గ్రేడ్ తరువాత ఆ చప్పుడు తిరిగి వచ్చింది. అదే సెట్టింగును జేసన్ (JSON) తరహా ఫైలులో తిరగరాసుకోవలసి వచ్చింది. అప్‌గ్రేడ్ చేసేవారు ఈ సంగతి ముందే చూసుకోవడం మంచిది.

ఇప్పుడు హెడ్‌సెట్ తీసేస్తే పాట దానంతటదే స్పీకర్లకు వస్తుంది. కంప్యూటర్‌ను టీవీకి కలిపిన రోజున మాత్రం హెచ్‌డీఎంఐ ప్రొఫైల్‌ను చేత్తో ఆన్ చేసుకోవాలి. ఆ మాత్రం శ్రమ నాకు సమ్మతమే.