ఫ్యూజన్ నౌకకు ఏ ఇంధనం మేలు?

"బోరాన్‌తో న్యూట్రాన్లు రావు కదా, అదే వాడొచ్చు కదా?" ఫ్యూజన్ రాకెట్ల (తేలిక పరమాణు కేంద్రకాలను కలిపి, పుట్టిన శక్తితో నడిచేవి) గురించి రాసిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తోంది. నా కొలత వేరు. పుట్టిన శక్తిలో ఎంత భాగం వేడిగా మారి నౌకకే తగులుతుంది? నేను చూసేది అదే.

భూమ్మీద రియాక్టర్‌ను చల్లబరచడానికి పక్కన నదో సముద్రమో ఉంటుంది. అంతరిక్షంలో వేడి బయటికి పోవాలంటే రేడియేటర్ పలకలే దిక్కు. 1000 కెల్విన్ దగ్గర చదరపు మీటరు పలక ఒక్కో వైపు నుంచి మహా అయితే 57 కిలోవాట్లు వదులుతుంది. ఒక గిగావాట్ వేడి పోవాలంటే, రెండు వైపులా పనిచేసే పలకలైనా రెండెకరాల పైనే కావాలి. ఆ బరువంతా నౌకే మోయాలి. 1500 కెల్విన్‌కు వెళ్తే విస్తీర్ణం ఐదో వంతుకు దిగుతుంది, కానీ ఆ వేడికి ఏళ్ల తరబడి నిలిచే పలకలు, పైపులు చేయడం చాలా కష్టం.

డ్యుటీరియం-ట్రిటియం (రెండూ హైడ్రోజన్ బరువైన రూపాలే) అన్నిటికన్నా సులువుగా మండుతుంది. కానీ 80 శాతం శక్తి న్యూట్రాన్‌తోనే పోతుంది, దానికి ఆవేశం లేదు కాబట్టి, ఆవేశమున్న కణాలను వెనక్కి తోసి నౌకను నడిపే అయస్కాంత నాజిల్‌కు అందదు. అయితే ఆ న్యూట్రాన్ నౌకను తాకకుండా శూన్యంలోకి పోతే తోపు తగ్గుతుందే తప్ప నౌక వేడెక్కదు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్ల విస్టా నౌక డిజైన్‌ను శంకువు ఆకారంలో గీసింది అందుకే.

ఇక బోరాన్. ప్రోటాన్ తగిలితే మూడు ఆల్ఫా కణాలు (హీలియం కేంద్రకాలు), న్యూట్రాన్లు దాదాపు సున్నా. చిక్కంతా ఎలక్ట్రాన్లతోనే. అవి అయాన్ల (ఎలక్ట్రాన్లు పోయి ఆవేశం మిగిలిన పరమాణువుల) దగ్గర దారి మళ్లినప్పుడల్లా ఎక్స్-కిరణాలు పుడతాయి. ఈ నష్టం అయాన్ ఆవేశపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, బోరాన్ అయాన్ ఒక్కోటి హైడ్రోజన్ అయాన్‌కు 25 రెట్లు. పైగా చాలా ఎక్కువ ఉష్ణోగ్రత కావాలి. మామూలు సమతౌల్య ప్లాస్మాలో (అయాన్లు, ఎలక్ట్రాన్లు విడివిడిగా తిరిగే అతివేడి వాయువులో) ఈ నష్టం పుట్టే శక్తినే మించిపోతుందని 1995లో టాడ్ రైడర్ తన ఎంఐటీ థీసిస్‌లో చూపించారు. తర్వాతి లెక్కలు కొంచెం ఆశ పెంచినా మిగిలేది బొటాబొటీ. ఎక్స్-కిరణాలను అద్దం పెట్టి వెనక్కి పంపలేం, గోడలో ఇంకి వేడవుతాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

నా మొగ్గు డ్యుటీరియం-హీలియం-3 (హీలియం తేలిక రూపం) వైపు. అసలు చర్యలో పుట్టేవి ప్రోటాన్, ఆల్ఫా కణం మాత్రమే, రెండింటినీ నాజిల్ వెనక్కి తోయగలదు. హీలియం ఆవేశం 2 కాబట్టి ఎక్స్-కిరణాల నష్టం భరించదగ్గదే. అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు వదిలే సింక్రోట్రాన్ వికిరణం ఎక్కువే, కానీ దాన్ని లోహపు గోడలు చాలావరకు తిరిగి ప్లాస్మాలోకే పంపుతాయి. డ్యుటీరియం డ్యుటీరియంతో కలిసి కొన్ని న్యూట్రాన్లు ఇస్తుంది. హీలియం-3 పాలు పెంచి వాటిని తగ్గించొచ్చు గానీ ఎక్స్-కిరణాలు పెరుగుతాయి, ఆ తూకం చూసుకోవాలి. 118 రోజుల్లో బృహస్పతిని చేరేలా నాసా గ్లెన్ కేంద్రం గీసిన డిస్కవరీ-2 ఈ ఇంధనాన్నే ఎంచుకుంది. హీలియం-3 భూమ్మీద దొరికేది అతి కొంచెం. డేడలస్ అనే తారాంతర నౌకను గీసిన బృందం దాన్ని బృహస్పతి వాతావరణం నుంచే తోడాలనుకుంది.

ఒట్టి డ్యుటీరియం చవక, అంతే. హీలియం-3 దొరక్కపోతే నేను దాని వైపు వెళ్లను, విస్టా తరహాలో ట్రిటియం వైపే వెళ్తాను.