మోయాబ్‌లో నాలుగు రాత్రులు: పేరున్న ట్రయిల్ కంటే పేరు లేని ట్రయిలే నచ్చింది

మౌంటెన్ బైకింగ్ పిచ్చి ఉన్నవాళ్ళతో పది నిమిషాలు కూర్చుంటే యూటా రాష్ట్రంలోని మోయాబ్ పేరు వచ్చి తీరుతుంది. మేమూ విని విని, ఏప్రిల్ రెండో వారంలో బయల్దేరాం. నేను, మా ఆవిడ, మా బావమరిది, వాడి రూమ్మేటు. నలుగురిలో రాళ్ళ మీద తొక్కిన అలవాటు ఉన్నది నాకొక్కడికే, అదీ చెప్పుకునేంత కాదు. రెండు రాత్రులు శాండ్ ఫ్లాట్స్ అనే క్యాంపింగ్ చోట, రెండు రాత్రులు డెడ్ హార్స్ పాయింట్ అనే స్టేట్ పార్కులో టెంటు వేసుకుని ఉన్నాం. మళ్ళీ వెళ్తే మాత్రం నాలుగు రాత్రులూ డెడ్ హార్స్ పాయింట్‌లోనే. ఎందుకో చెప్తా.

శాండ్ ఫ్లాట్స్ ఊరికి బాగా దగ్గర. పేరుమోసిన స్లిక్‌రాక్ సైకిల్ ట్రయిల్ మొదలయ్యేది అక్కడే, కాబట్టి పొద్దున్నే టెంటులోంచి లేచి నేరుగా సైకిలెక్కేయొచ్చు. అదొక్కటే దాని గొప్ప. మాలాంటి చిన్న గుంపులకి ముందస్తు బుకింగ్ లేదు, ముందొచ్చినవాళ్ళదే చోటు, మేం శుక్రవారం మధ్యాహ్నం చేరి గంటన్నర కారులో అటూ ఇటూ తిరిగాక ఒక మూల దొరికింది. బాత్రూములు గుంట రకం, నేననుకున్నదానికంటే శుభ్రంగానే ఉన్నాయి. కుళాయి అనేదే లేదు. తాగడానికి, వండుకోవడానికి, గిన్నెలకి, అన్నిటికీ నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి. ఈ సంగతి నాకు తెలుసు, తెలిసీ తక్కువ తెచ్చాను. రెండో రోజు పొద్దున్న పది దాటకుండానే కారు తీసుకుని ఊళ్ళోకి పరుగు.

ఆ రాత్రి గాలి సంగతి చెప్పాలి. వసంతంలో అక్కడ గాలి ఎక్కువని చదివాను గానీ ఇంతలా అనుకోలేదు. కింద ఇసుక, ఇసుక కింద రాయి, మేకులు కొడితే సగం దిగి ఆగిపోతాయి, గాలి ఒక్క ఊపు ఊపితే ఊడొస్తాయి. చివరికి టెంటు నాలుగు మూలలా పెద్ద పెద్ద రాళ్ళకి తాళ్ళు కట్టి, నీళ్ళ క్యాన్లు లోపల పెట్టి పడుకున్నాం. మేకులు లేకపోయినా తనంతట తాను నిలబడే రకం టెంటు అయితే ఈ తిప్పలు సగం తగ్గేవి.

ఇక స్లిక్‌రాక్. 1969లో మోటారు సైకిళ్ళ కోసం వేసిన దారి ఇది, ఇప్పటికీ అవి వస్తూనే ఉంటాయి. పేరులో జారుడు ఉంది గానీ జారేది గుర్రాల నాడాలకట, రబ్బరు టైరుకి మాత్రం ఆ ఇసుకరాయి గరుకు కాగితంలా పట్టేస్తుంది. ఎంత పట్టు అంటే, ఎక్కలేను అనుకున్న ఏటవాలు కూడా టైరు పట్టు వదలకుండా ఎక్కుతుంది, ముందు ఆగిపోయేది మన కాళ్ళే. దారి అంటూ వేరే ఉండదు, రాయి మీద తెల్ల గీతలు వేసి ఉంటాయి, వాటి వెంబడి పోవడమే. మొత్తం చుట్టూ సుమారు 10 మైళ్ళు. పది మైళ్ళేగా అనుకుని వెళ్ళాం, అయిదు గంటలు పట్టింది. నీడ లేదు. మొదట్లో రెండు మైళ్ళ ప్రాక్టీస్ లూప్ ఒకటుంది, పేరు చూసి తేలిక అనుకోకండి, పొట్టిది మాత్రమే, కష్టం అదే కష్టం.

ఇక్కడే మా అద్దె సైకిలు కథ. దుకాణం పేరు చెప్పను. మేం దిగగానే సైజు చూసి, సీటు ఎత్తు సరిచేసి ఇచ్చేశారు, సస్పెన్షన్‌లో గాలి మన బరువుకి తగ్గట్టు పెట్టాలి కదా, బరువే అడగలేదు. మూడో మైలులో దిగుతుంటే వెనకనుంచి మా వాడి కేక: "బావా, బ్రేకు పట్టట్లేదు!" అదృష్టం కొద్దీ పక్కనే ఇసుక ఉంది, అందులోకి తిప్పి పడ్డాడు, మోచెయ్యి గీరుకుంది అంతే. చూస్తే బ్రేకు ప్యాడ్లు అరిగి ఇనుము కనిపిస్తోంది. తర్వాత దుకాణంవాళ్ళు ప్యాడ్లు ఊరికే మార్చారు గానీ పోయిన పూట అద్దె వెనక్కి ఇచ్చేది లేదన్నారు. మొహమాటపడకుండా దుకాణం ముందే నాలుగు చుట్లు తిరిగి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి చూసుకుని మరీ తీసుకోండి.

దీనికి పూర్తిగా వేరు షటిల్ వాళ్ళు, అంటే మనల్నీ సైకిళ్ళనీ వ్యానులో ట్రయిల్ పైకి చేర్చేవాళ్ళు. పోర్క్యుపైన్ రిమ్ అనే ట్రయిల్‌కి నేనూ రూమ్మేటూ ఇద్దరమే వెళ్ళాం. వ్యానెక్కించే ముందు డ్రైవరు అందరి నీళ్ళ సీసాలూ చూశాడు, మా దగ్గర తలా రెండు లీటర్లే ఉన్నాయని వెనక్కి పంపి నింపించాడు. కొండ మీదనుంచి మొదలయ్యే పేరుమోసిన పెద్ద దిగుడుకి, అంటే 11,000 అడుగుల పైన బరో పాస్‌కి, ఏప్రిల్‌లో మంచు ఉంటుంది కాబట్టి కింది భాగానికే తీసుకెళ్ళారు. పక్కన లోయ చూస్తూ రాతి మెట్లు దిగడం బాగుంది, చివర్లో కొలరాడో నదికి పైన సన్న దారి వచ్చేసరికి మాత్రం నేను సిగ్గుపడకుండా సైకిలు దిగి నడిచాను. చాలామంది దూసుకుపోయారు, పోనీండి.

మూడో రోజు డెడ్ హార్స్ పాయింట్‌కి మారాం. ఊరికి ముప్పావు గంట దూరం, నెలల ముందే బుక్ చేయాలి, ఈ రెండే ఇబ్బందులు. కయెంటా క్యాంప్‌గ్రౌండ్‌లో భోజనం బల్లకి నీడ ఉంది, కరెంటు ఉంది, పక్క టెంటు మన నెత్తిమీద ఉండదు. నీళ్ళు లారీల్లో పైకి తేవాల్సిందే, అందుకని పొదుపుగా వాడమంటారు, ఈసారి మేం ఊళ్ళోనే క్యాన్లు నింపుకొచ్చాం. రాత్రి ఆకాశం గురించి ఎక్కువ రాయను, 2016లో దీనికి డార్క్ స్కై గుర్తింపు (రాత్రి చీకటిని కాపాడే చోట్లకి ఇచ్చేది) వచ్చింది, మా ఆవిడ టెంటు పై గుడ్డ తీసేసి పడుకుంది.

అక్కడి ఇంట్రెపిడ్ ట్రయిల్స్ గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. తేలికంటారు. అవును, తేలికే, అందుకే నలుగురం కలిసి తొక్కగలిగింది అక్కడొక్కచోటే. మెలికలు తిరిగే మెత్తని మట్టి దారి, అప్పుడప్పుడు రాయి, ఉన్నట్టుండి అంచు వస్తుంది, 2,000 అడుగుల కింద నది. ఒకచోట దూరంగా ముదురు నీలం చెరువులు కనిపిస్తే రూమ్మేటు రిసార్టు అనుకున్నాడు, అవి పొటాష్ తీసే మడుగులు, ఎండ వేడి బాగా పట్టి త్వరగా ఆవిరయ్యేలా రంగు కలుపుతారు.

ఎదురొచ్చినవాళ్ళకి దారి ఇచ్చేటప్పుడు దారి పక్కన నల్లగా, బుడిపెల్లా కనిపించే మట్టి మీద కాలు పెట్టకండి. అది ప్రాణమున్న పొర, సూక్ష్మజీవులూ నాచూ కలిసి ఇసుకని పట్టి ఉంచుతాయి, ఒక్క టైరు గుర్తు పడితే మళ్ళీ పెరగడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది. రాయి ఉన్నచోటే ఆగాలి. దగ్గర్లోని ఆర్చెస్ నేషనల్ పార్కులో ట్రయిల్స్ మీద సైకిలు నిషేధం, రోడ్డు మీదే తొక్కాలి, అక్కడికి సైకిళ్ళు మోసుకెళ్ళి మేం వృథాగా దించాం.

అక్టోబరుకి కయెంటాలో మళ్ళీ సైటు బుక్ చేశాను. బావమరిది ఈసారి సొంత సైకిలు కొంటానంటున్నాడు, బ్రేకు ప్యాడ్లు రెండు జతలు అదనంగా.