డైట్ యాప్‌తో రెండేళ్లు: శ్రీకాకుళం వంటింట్లో ఎంతవరకు పనికొచ్చింది

మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చినప్పుడు డాక్టరు గారు మందులు రాయలేదు. 5.7 నుంచి 6.4 లోపు ఉంటే షుగర్ ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నట్టు, తిండి, నడక చూసుకోండి అన్నారు. అప్పుడు పెట్టుకున్న కేలరీల యాప్‌ను రెండేళ్లు దాటినా తీసెయ్యలేదు.

మొదటి నెల చాలా విసిగించింది. చోడి (రాగి) అంబలి అని వెతికితే దొరకలేదు. రాగి మాల్ట్ చూపించింది, అది పాలూ పంచదారా పోసి చేసేది. మేం చోడి పిండిని రాత్రి పులియబెట్టి, పొద్దున్న నూకలతో కాచి, మజ్జిగ కలుపుకుంటాం. రెండిటికీ పోలికే లేదు. పనసపొట్టు ఆవపెట్టిన కూరకు ఏదో కొబ్బరి వేసిన పనసకాయ కూర లెక్క కట్టింది. ఫొటో తీస్తే ఆనపకాయ పప్పును సాంబారంది.

సొంత వంటకాలు చేర్చుకునే సదుపాయం దొరికాకే యాప్ నిజంగా నాకు పనికొచ్చింది. చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. ఖాళీ గిన్నె బరువు రాసుకుని, వేసే ప్రతి సరుకూ తూచి, నూనెతో సహా ఎక్కించాను. వండాక మొత్తం తూచి గిన్నె బరువు తీసేస్తే కూర బరువు వస్తుంది. ఒక్కో వంటకానికి ఒక్కసారి ఈ శ్రమ పడితే చాలు. యాప్ అంకెల మీద అనుమానం వస్తే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికతో సరిచూస్తాను. అందులో 528 పదార్థాలున్నాయి. వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉందని అందులో చూశాక ఇంట్లో అందరికీ అంబలి మీద గౌరవం పెరిగింది.

అన్నం దగ్గర జాగ్రత్త. వంద గ్రాముల బియ్యానికి దాదాపు 350 కేలరీలు, అదే వంద గ్రాముల అన్నానికి 130 చుట్టుపక్కల. యాప్‌లో రెండూ 'రైస్' పేరుతోనే ఉంటాయి. ఒకటికి బదులు ఇంకొకటి నొక్కితే రోజు లెక్కంతా తారుమారు.

నెల గ్రాఫ్ చూస్తే నా కేలరీల్లో సగానికి ఎంతో ఎక్కువ అన్నం నుంచే వస్తున్నాయి. బియ్యం, చోళ్ల లాంటి ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మధ్యాహ్నం ఒక హస్తం (గరిటె) అన్నం తగ్గించి పప్పు, బీరకాయో దొండకాయో పెంచాను. సాయంత్రం ఏడు రోడ్ల కూడలి దగ్గర టీతో తినే బజ్జీలు వారానికి ఒక్కరోజుకు వచ్చాయి. ఆర్నెల్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. నాగావళి వైపు పొద్దున్న నడకకూ అందులో వాటా ఉంది, ఘనతంతా యాప్‌కు ఇవ్వలేను.

డబ్బు కట్టి తీసుకున్న కోచ్ ప్లాన్ మాత్రం నచ్చలేదు. ఓట్స్, బ్రొకోలీ, అవకాడో అంటూ పంపేవారు. మా రైతుబజార్‌లో దొరికేవాటితో రాసివ్వమంటే మళ్లీ అదే జాబితా వచ్చేది. ఏడాది తర్వాత ఆపేశాను. నీళ్లు తాగమనే గంట కూడా తీసేశాను.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మా మేనత్తది కవిటి, ఉద్దానం. ఆవిడకు క్రియాటినిన్ ఎక్కువ, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. నా ఫోన్ చూసి తనకూ పెట్టమంది. వయసు, ఎత్తు, బరువు అడిగిన యాప్ కిడ్నీల గురించి ఒక్క మాట అడగలేదు. ప్రొటీన్ పెంచమంది, కూల్‌డ్రింక్ బదులు కొబ్బరినీళ్లు తాగమంది. నాకైతే మంచి సలహానే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు కొబ్బరినీళ్లలోని పొటాషియం ప్రాణం మీదకు తేవచ్చు, ప్రొటీన్ ఎంతన్నది డాక్టరే చెప్పాలి. వెంటనే తీసేయించాను. కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న జిల్లాలో ఈ ప్రశ్న అడగని యాప్ 'మీ కోసమే తయారుచేసిన ప్లాన్' అని రాసుకోకూడదు. కంపెనీకి ఈ సంగతి రాశాను, జవాబు రాలేదు.

షుగర్ బోర్డర్‌లో ఉండి, ఇంట్లో వండుకు తినేవాళ్లకు ఉచిత వెర్షన్ సరిపోతుంది. ఫోన్ మారిస్తే సొంత వంటకాలు పోవచ్చు. కొలతలు నోట్‌బుక్‌లో కూడా రాసి ఉంచుకోండి.