ఒకరోజు వర్క్‌షాపా, వారానికో చిన్న పనా? లైబ్రరీ స్టాఫ్‌కి ఏది మేలు

లైబ్రరీలోకి కొత్త వెబ్ టూల్ ఏదైనా వస్తోందంటే పైవాళ్లకి ముందు గుర్తొచ్చేది వర్క్‌షాప్. ఒక హాలు, ఒక ప్రొజెక్టరు, సాయంత్రానికి చేతిలో సర్టిఫికెట్. అలాంటివి చాలానే చూశాను కాబట్టి ముందే చెప్పేస్తున్నా, నా ఓటు వారానికో చిన్న పనికే, అంటే వారానికి ఒక్క చిన్న పని స్టాఫ్ తమంతట తాము చేసి నేర్చుకోవడానికే. అలాగని వర్క్‌షాప్‌ని తీసిపారేయలేను.

ఒకసారి జొటేరో మీద ట్రైనింగ్ పెట్టారు, రిఫరెన్సులు దాచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. నలభై మందిమి ఒకే వైఫై మీద ఒకేసారి డౌన్‌లోడ్ నొక్కాం. ఇంకేముంది, పదకొండున్నర దాకా గిర్రున తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చున్నాం. నా పక్కన కూర్చున్న మేడం అకౌంట్ కోసం ఆఫీసు మెయిల్ ఇచ్చారు, దాని పాస్‌వర్డేమో ఆ రోజు సెలవులో ఉన్న ఇంకొకరి దగ్గరుంది, దాంతో కన్ఫర్మేషన్ మెయిల్ తెరిచే దారి లేక ఆవిడ సాయంత్రం దాకా నా స్క్రీన్‌లోకే తొంగిచూశారు. అసలు సంగతి, అంటే బ్రౌజర్‌లో ఒక్క బటన్ నొక్కితే వ్యాసం వివరాలన్నీ వాటంతటవే వచ్చి చేరడం, భోజనాల తర్వాత గంటలో చుట్టేశారు. నెల తర్వాత ఓ స్టూడెంట్ కౌంటర్ దగ్గరికొచ్చి జొటేరో గురించి అడిగితే "ఆ రోజు చూపించారమ్మా, కానీ..." అని నసిగాను. నేర్పినాయన తప్పేం లేదు, బాగానే చెప్పారు. నెల్రోజులు ముట్టుకోకపోతే ఏది మాత్రం గుర్తుంటుంది?

వర్క్‌షాపే కావాల్సిన చోటు ఒకటుంది. లైబ్రరీ మొత్తం కోహాకి మారుతోందనుకోండి (1999లో న్యూజిలాండ్‌లో మొదలై ఇప్పుడు ఎన్నో దేశాల్లో నడుస్తున్న, లైబ్రరీ పనులన్నీ చూసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్), అప్పుడు ఎవరి వీలును బట్టి వాళ్లు నేర్చుకుంటామంటే కుదరదు. ఇష్యూ, రిటర్న్ అందరూ ఒకే రోజు నుంచి ఒకేలా చెయ్యాలి. ఒక్కరు ఐటమ్ టైప్ (అది పుస్తకమా, పత్రికా అనే రకం) తప్పు కొట్టినా గడువు తేదీ తప్పు వస్తుంది, ఫైన్ తప్పు పడుతుంది, పాఠకుడు వచ్చి అరిచేది మాత్రం ఆ పూట కౌంటర్‌లో ఉన్నవాళ్ల మీద. అందుకే అందర్నీ కూర్చోబెట్టి, ఉత్తుత్తి డేటా పెట్టిన టెస్ట్ సర్వర్ మీద తప్పులన్నీ అక్కడే చేయించాలి.

వారానికో పని అనేది కొత్త ఆలోచనేం కాదు. 2006లో అమెరికాలోని షార్లెట్ పబ్లిక్ లైబ్రరీలో హెలెన్ బ్లోవర్స్ '23 థింగ్స్' అని మొదలుపెట్టారు. బ్లాగు, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లు (వెబ్‌సైట్లలో కొత్తగా వచ్చినవాటిని మన దగ్గరికి తెచ్చేవి), వికీ, పాడ్‌కాస్ట్, ఇలా 23 చిన్న పనులు, స్టాఫ్ ఎవరంతట వాళ్లు చేసి తమ బ్లాగులో రాసుకోవాలి, పూర్తి చేసినవాళ్లకి ఎంపీ3 ప్లేయర్. తర్వాత చాలా దేశాల లైబ్రరీలు దాన్ని తీసుకుని తమకి తగ్గట్టు మార్చుకున్నాయి. ఆనాడు నేర్చుకున్నవి ఇప్పుడు పాతబడ్డాయి నిజమే, ఫీడ్లు చదవడానికి బాగా వాడిన గూగుల్ రీడర్‌ని 2013లో మూసేశారు కూడా. అయినా తెలియనిదాన్ని తెరిచి కెలికి చూడొచ్చన్న ధైర్యం వచ్చింది కదా, నాకైతే అదే ముఖ్యం.

మా దగ్గర ఒక వారం పని ఇది: చాట్‌జీపీటీని ఏదో ఒక అంశం మీద ఐదు వ్యాసాలు చెప్పమని అడిగి, వాటిని క్రాస్‌రెఫ్‌లో (పరిశోధన వ్యాసాల వివరాలుండే వెబ్‌సైట్) వెతకాలి. రెండు దొరికాయి, మూడు లేనేలేవు. పత్రిక నిజమే, సంపుటి నిజమే, ఆ పేజీ తెరిస్తే మాత్రం వేరే వ్యాసం. డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత నంబరు) కూడా అచ్చం అసలుదానిలా 10తోనే మొదలవుతుంది, కొట్టి చూస్తే ఎక్కడికీ పోదు. నాలుగు రోజులకి ఓ రీసెర్చ్ స్టూడెంట్ ఎనిమిది వ్యాసాల జాబితా పట్టుకొచ్చి "మీ లైబ్రరీలో ఒక్కటీ లేదేంటండీ" అని కాస్త గట్టిగానే అడిగాడు. కంప్యూటరంటే ఆమడ దూరం ఉండే మా పెద్దాయన ఆ కాగితం తీసుకుని "ఇది ఎవరిచ్చారు బాబూ, మనిషేనా?" అన్నారు. అతనికి నవ్వొచ్చింది. ఇద్దరూ కూర్చుని ఒక్కో డీఓఐ కొట్టి చూశారు.

వీడియో కోర్సులంటారా, ఎక్కడైనా ఇరుక్కుంటే చూసుకోవడానికి బాగుంటాయి, ఆ పైన నాకు పెద్ద నమ్మకం లేదు.

వారానికో పనికి అసలు గండం టైమ్. 'ఖాళీ ఉన్నప్పుడు చేసుకోండి' అంటే ఎవరూ చెయ్యరు, కౌంటర్‌లో ఖాళీ ఎప్పుడుంటుంది? డ్యూటీ చార్టులో ఇష్యూ, రిటర్న్ పక్కనే ఈ పనికో గంట కూడా పేరుతో సహా రాయాలి, ఆ గంటలో వాళ్లని ఎవరూ పిలవకూడదు. మొదట్లో మేం ఇది రాయలేదు, మూడో వారానికే ఆగిపోయింది. ఇప్పుడు గురువారం రెండింటి నుంచి మూడింటి దాకా ఇద్దరిద్దరికి వంతులవారీగా నడుస్తోంది. వచ్చే వారం జొటేరో, చూపించేది ఆ మేడమే. ఈసారి సొంత మెయిల్‌తో.