డైవింగ్‌కి మళ్లీ వెళ్తున్నారా? ఘాట్ పైనున్న ఊళ్లవాళ్లకి డైవ్ కంప్యూటర్, బస, తిరుగు ప్రయాణం

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ దగ్గరి రుషికొండలో పొద్దున రెండు స్కూబా డైవ్‌లు చేసి, మధ్యాహ్నం భోంచేసి, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే రాత్రికల్లా ఇల్లు చేరొచ్చు. సెలవు కలిసొస్తుందని సునాబెడ, జయపురం వాళ్లకి ముందుగా తోచే ప్లాను ఇదే. దీన్ని మాత్రం పెట్టుకోకండి.

నీళ్లలో ఉన్నంతసేపూ ఒంట్లో చేరిన నైట్రోజన్, పైకొచ్చాక గంటల తరబడి మెల్లగా బయటికి పోతుంది. అది పోకముందే గాలి పీడనం తగ్గే చోటికి వెళ్తే ఒంట్లో బుడగలు కట్టే ప్రమాదం ఉంది. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కొద్దనేది ఇందుకే. కోరాపుట్‌లో గాలి పీడనం విశాఖలో కంటే ఇంచుమించు పదో వంతు తక్కువ. డైవ్ చేశాక ఎంతసేపు ఆగి ఎత్తుకి వెళ్లాలో చెప్పే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ (డైవర్ల భద్రతా సంస్థ) సూచనలు 2,000 అడుగుల నుంచి 8,000 అడుగుల ఎత్తుకి వర్తిస్తాయి. కోరాపుట్ దాదాపు 2,850 అడుగులు. అంటే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే కనీసం 18 గంటలు కిందే ఉండాలి. డికంప్రెషన్ స్టాపులు (నైట్రోజన్ బయటికి పోవడానికి పైకొచ్చే దారిలో తప్పక ఆగాల్సినవి) పడిన డైవ్ అయితే ఇంకా ఎక్కువసేపు. ఎక్కేది విమానమా బొలెరోనా అన్నది ఒంటికి అనవసరం. జయపురం కోరాపుట్ కంటే కిందే ఉన్నా, ఈ దారిన వెళ్లాలంటే ముందు కోరాపుట్ ఎక్కాల్సిందే.

బరంపురం వాళ్లకి ఈ బాధ లేదు. ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ల మీదుగా రైలు మార్గమంతా తీరపు మైదానమే, ఆ రాత్రే బయల్దేరొచ్చు. పర్లాకిమిడి వాళ్లకీ అంతే. కాకపోతే మర్నాడే మహేంద్రగిరి ఎక్కుదామనుకుంటే అది 1,501 మీటర్లు, అక్కడా ఇదే లెక్క.

కాబట్టి కోరాపుట్ వైపు వాళ్లు శుక్రవారం రాత్రికి విశాఖ దిగి, శనివారం పొద్దున డైవ్ చేయడం మేలు. రెండో డైవ్ పదకొండింటికి ముగిస్తే 18 గంటలు ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి నిండుతాయి. ఆదివారం పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు పట్టుకోవచ్చు. అది అనంతగిరి కొండలెక్కి, 996 మీటర్ల ఎత్తునున్న షిమిలిగుడ దాటి, అరకు మీదుగా కోరాపుట్ వెళ్తుంది. ఆదివారం డైవ్ పెట్టుకుంటే సోమవారం ఆఫీసు మీద ఆశ వదులుకోవాలి. పొద్దున డైవ్, సాయంత్రం అరకు అని కలిపి అమ్మే ప్యాకేజీ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.

బస సంగతి. రుషికొండ, సాగర్‌నగర్ వైపు గది తీసుకుంటే పొద్దున్నే తీరానికి నడిచో ఆటోలోనో చేరొచ్చు. రుషికొండ మీద ఉండే పర్యాటక శాఖ హరిత రిసార్టుని 2021లో కూల్చేశారు. పాత సమాచారం చూసి అక్కడ గది దొరుకుతుందనుకోకండి. స్టేషన్ దగ్గరి లాడ్జీలు తిరుగు రైలుకి అనుకూలం, కానీ పొద్దున్నే ఊరంతా దాటి తీరానికి రావాలి. శనివారం రాత్రికి మాత్రం అక్కడికి మారడం తెలివైన పని. గది చూసేటప్పుడు ఏసీ కంటే ముందు రెండు అడగండి: తడి సామాను ఆరేసుకోవడానికి బాల్కనీ ఉందా, చెకవుట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12కా.

సీజన్ విషయంలో తుఫాన్లని లెక్కలో పెట్టుకోండి. ఫైలిన్ 2013లో, హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, మూడూ అక్టోబరు రెండో వారంలోనే ఈ తీరాన్ని కొట్టాయి. దసరా సెలవులకి డైవ్ బుక్ చేస్తే, సముద్రం బాగోలేనప్పుడు డబ్బు వెనక్కిస్తారో లేదో రాయించుకోవాలి. గోపాల్‌పూర్ దగ్గరే కదా అనిపిస్తుంది గానీ, అక్కడి కెరటాల్లో ట్యాంకు వీపున వేసుకుని ఒడ్డు నుంచి దిగడం కొత్తగా మొదలుపెట్టేవాళ్ల పని కాదు.

డైవ్ సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు సర్టిఫికెట్ ఉందని, మధ్యలో చాలా ఏళ్లు విరామం వచ్చిందని ముందే చెప్పండి. లేకపోతే ఫొటోలు తీసి పైకి తెచ్చే ‘ట్రై డైవ్’ గుంపులో కలిపేస్తారు. డైవింగ్ నేర్పే సంస్థలైన పాడీ వాళ్ల రియాక్టివేట్ గానీ, ఎస్‌ఎస్‌ఐ వాళ్ల స్కూబా స్కిల్స్ అప్‌డేట్ గానీ (రెండూ మర్చిపోయినవి గుర్తుచేసే కోర్సులు) చేయిస్తారా, ఎక్కడ చేయిస్తారు అని అడగండి. మాస్కులో నీళ్లు తీసేయడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్ (ట్యాంకు గాలి పీల్చుకునే పరికరం) వెతికి పెట్టుకోవడం, నీళ్లలో తేలకుండా మునగకుండా నిలబడటం, ఈ మూడూ లోతు తక్కువ నీళ్లలో కుదిరాకే ముందుకెళ్లాలి. మెడికల్ ఫారంలో 45 దాటినవాళ్లకి విడిగా ప్రశ్నలుంటాయి. వాటిలో దేనికైనా ‘అవును’ అని రాస్తే డాక్టరు సంతకం కావాలి. అది ఊళ్లోనే చేయించుకుని వెళ్లండి. ఇంకో ప్రశ్న: డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం, ఒంట్లో చేరే నైట్రోజన్ లెక్కగట్టి చూపే చేతి పరికరం) ఒక్కొక్కరికీ ఇస్తారా, గైడ్ చేతికే ఉంటుందా? గైడ్ మీకంటే రెండు మీటర్లు పైన ఉంటే అతని లెక్క మీది కాదు. అద్దె కంప్యూటర్ అయితే రోజంతా మీ చేతికి ఒకటే ఉండాలి. రెండో డైవ్‌కి వేరేది ఇస్తే, మొదటి డైవ్‌లో మీ ఒంట్లో చేరిన నైట్రోజన్ దానికి తెలియదు.

ఇక సొంతంగా కొనాలా అన్నది ఎక్కడ మునుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు అల్యూమినియం ట్యాంకు 11.1 లీటర్లు, 200 బార్ (పీడనం కొలత) దాకా నింపుతారు. 50 బార్ మిగిల్చి పైకి రావాలి గనక వాడుకునే గాలి 1,665 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 12 మీటర్ల లోతులో పీడనం వల్ల 44 లీటర్లు పీలుస్తాడు. అంటే సుమారు 38 నిమిషాలు. పాడీ పట్టిక ప్రకారం ఆ లోతులో స్టాపులు లేకుండా ఉండగలిగే సమయం 147 నిమిషాలు. గాలి అయిపోవడమే ముందు జరుగుతుంది. 30 మీటర్ల దగ్గర లెక్క మారుతుంది: నిమిషానికి 80 లీటర్లు, గాలి 21 నిమిషాలు, పట్టికలో పరిమితి 20. అక్కడ గాలీ, సమయం రెండూ ఒకేసారి అయిపోతున్నాయి, రెండో డైవ్‌లో సమయమే ముందు అయిపోతుంది. రుషికొండలో తక్కువ లోతు డైవ్‌లతో సరిపెట్టుకునేవాళ్లకి ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) డిక్సన్స్ పినకిల్, జానీస్ గోర్జ్ లాంటి లోతైన చోట్లకి వెళ్లేవాళ్లకి మంచిది కావాలి.

తక్కువ ధరలో సుంటో జూప్ నోవో, మేరస్ పక్ ప్రో, క్రెస్సీ లియొనార్డో నమ్మదగ్గవే. మొదటి రెండింటిలో సీఆర్2450 బ్యాటరీ, లియొనార్డోలో సీఆర్2430. ఊళ్లో ఏ వాచీ షాపులోనైనా దొరికేది సీఆర్2032. అందుకే ఒక స్పేర్ బ్యాటరీ, దాని ఓ-రింగ్ (నీరు దిగకుండా ఆపే రబ్బరు రింగు) ముందే తెప్పించి పెట్టుకోవాలి. జూప్ నోవోలో, డైవ్ చేసే చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తో మనమే పెట్టాలి: ఏ0 అంటే 300 మీటర్ల వరకు, ఏ1 1,500 వరకు, ఏ2 3,000 వరకు. సముద్రంలో మునిగేటప్పుడు ఏ0 ఉండాలి. ఇంట్లో ఏ1 పెట్టి మర్చిపోతే అపాయం లేదు, సమయం తక్కువ చూపిస్తుందంతే. ఎత్తు తనంతట తానే పసిగట్టే మోడల్ అయితే ఈ తలనొప్పి ఉండదు.

నలభై దాటినవాళ్లకి మా ఓటు షియర్‌వాటర్ పెరెగ్రైన్‌కే. ధర జూప్ లాంటివాటికి సుమారు రెండింతలు. కానీ 2.2 అంగుళాల రంగుల తెర మీద అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి. నీళ్లలో వస్తువులు పెద్దవిగానూ దగ్గరగానూ కనిపిస్తాయి గనక, చత్వారం ఉన్నవాళ్లకి చిన్న తెర ఒడ్డున చదవగలిగినా లోపల మసకబారుతుంది. ఈ తీరంలో నీళ్లు కలకబారిన రోజు అది ఇంకా కష్టం. పెరెగ్రైన్ ఎత్తు తనే చూసుకుంటుంది. జాగ్రత్త స్థాయి మూడు మెట్లు: లో 45/95, మీడియం 40/85, హై 35/75 (అంకెలు తగ్గేకొద్దీ జాగ్రత్త ఎక్కువ). విరామం తర్వాత మొదటి కొన్ని డైవ్‌లకి హై పెట్టుకోండి. సుంటోలో అయితే పీ1. చార్జింగ్ వైర్‌లెస్, కాబట్టి చార్జింగ్ ప్యాడ్ మర్చిపోవద్దు. గాలి ఎంతుందో ట్రాన్స్‌మీటర్ ద్వారా చూపించేది పెరెగ్రైన్ టీఎక్స్. సొంత రెగ్యులేటర్ లేనివాళ్లకి అది వృథా, ప్రతి సెంటర్‌లోనూ హై ప్రెషర్ పోర్టుకి బిగించమని బతిమాలాలి. యాపిల్ వాచ్ అల్ట్రా 40 మీటర్లకే పరిమితం, డైవ్ లెక్కలకి యాప్ చందా కట్టాలి. రోజూ వాచీగా పెట్టుకునేవాళ్లకి తప్ప మేం సిఫారసు చేయం.

బీరువాలో పాతది ఉంటే ముందు బ్యాటరీ మూత తీసి చూడండి. పచ్చటి తుప్పు పట్టి ఉంటే దాన్ని వదిలేయడమే నయం. బాగుంటే కొత్త బ్యాటరీ, కొత్త ఓ-రింగ్ వేసి, దానికి సిలికాన్ గ్రీజు పలచగా రాసి బిగించండి. వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా నీరు దిగుతుంది. తర్వాత పడవ మీంచి 10 మీటర్ల గుర్తున్న తాడుకి కట్టి దించి, లాగ్‌లో లోతు సరిచూడాలి. పాత మోడళ్లలో కొన్ని నిమిషానికి 18 మీటర్ల వేగంతో పైకి రావడానికి ఒప్పుకుంటాయి. ఇప్పుడు పాటించేది 9 మీటర్లు, చివర 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం.

సెట్టింగుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు గేజ్ మోడ్‌లో వదిలేయడం. అది లోతు, సమయమే చూపిస్తుంది, నైట్రోజన్ లెక్క వేయదు. నైట్రాక్స్ 32 (32 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి) తీసుకుంటే ఆక్సిజన్ శాతం మార్చాలి, 33 మీటర్లు దాటొద్దు. స్టాపు పడితే దాన్ని ఎగ్గొట్టి పైకి రావద్దు. చాలా మోడళ్లు 24 గంటలు, సుంటో పాతవి 48 గంటలు లెక్కలు ఆపేస్తాయి. హావ్‌లాక్ దాకా వెళ్లినవాళ్లకి మిగతా ట్రిప్పంతా పోయినట్టే.

అక్కడ గోవింద్‌నగర్, విజయ్‌నగర్ తీరాల్లో డైవ్ సెంటర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. బస కూడా అటువైపే చూసుకోండి. రాధానగర్ తీరం అందంగా ఉంటుంది గానీ పొద్దున్నే పడవ అందుకోవడానికి దూరం. చివరి డైవ్ మధ్యాహ్నం లోపు ముగించి, మర్నాడు ఫెర్రీలో శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) వచ్చి విమానం ఎక్కితే 18 గంటలు వాటంతటవే నిండుతాయి. ఫెర్రీ రద్దయితే? ఒక రోజు వెసులుబాటు ఉంచుకుని టికెట్టు తీసుకోవాలి.

ప్రతి రోజూ కంప్యూటర్‌ని మంచినీళ్లలో నానబెట్టండి. జోరుగా వచ్చే కుళాయి కింద పెట్టి బటన్లు నొక్కొద్దు, ఉప్పు లోపలికి పోతుంది. నీటిని పసిగట్టే పిన్నులున్న మోడళ్లని తడిగా సంచిలో కుక్కితే ఇంకా నీళ్లలోనే ఉన్నామనుకుని బ్యాటరీ తాగేస్తాయి. కోరాపుట్ వానాకాలంలో స్ట్రాపుకి బూజు పట్టకుండా పొడి డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. చార్జింగ్ మోడల్ అయితే రెండు మూడు నెలలకోసారి చార్జ్ చేయండి.